ఈ సుక్క ఎవులిది?

మా రత్తం అత్త ఖరగ్‌పూర్ వచ్చిందంటే ముందు పలకరించేది నన్ను కాదు, మా మేడ మీది గదిలో ఉన్న రేకు పెట్టెను. తాల్‌బగీచా సందు మొదట్లో ఆటో దిగి, ఆటోవాడితో బెంగాలీలో ఓ పోట్లాటా హిందీలో ఓ రాజీ ముగించుకుని, మోకాళ్లను తిట్టుకుంటూ మెట్లెక్కి, పెట్టె మూతెత్తి లోపలికి ముక్కు పెట్టి వాసన చూస్తుంది. అప్పుడు గానీ "ఒలే బుజ్జీ, టీ నీళ్లేటైనా పోస్తావా, ఇలగే పొమ్మంతావా?" అని అడగదు. ఈసారి శ్రావణంలో వచ్చింది. సత్యం మావయ్య పోయాక ఆమె ఒంటరిగా రైలెక్కడం ఇదే మొదలు. స్టేషనుకు వస్తానంటే వద్దంది. "రైలు పట్టాల పక్కన పుట్టినదాన్ని, నన్ను నువ్వు దించుకోవాలేటి?" అంది. పెట్టె మూతెత్తి ఈసారి చాలాసేపు అలాగే నిలబడిపోయింది. నేను వెనక నుంచి, "ఏటత్తా, లోపల పామేటైనా ఉందా?" అన్నాను. "నోరు ముయ్యే" అంది గానీ, ఆ గొంతులో ఎప్పుడూ ఉండే కారం లేదు.

ఆ పెట్టెలో ఉన్నది ఒక కేన్వాసు గుడ్డ, అంతే. డేరా పైకప్పు. మా తాత సింహాచలం రైల్వేలో డేరా ఖలాసీగా పనిచేశాడు. కొత్త లైనుకో వంతెనకో ఇంజనీర్లు సర్వేకి వెళితే, వాళ్లకంటే ముందు వెళ్లి డేరాలు వేసి, చుట్టూ వాననీళ్లు పోయే గాడి తవ్వి, వాళ్లు వచ్చేసరికి దీపం వెలిగించి ఉంచడం ఆయన ఉద్యోగం. సగం జీవితం గుడ్డ కిందే గడిచింది. రిటైరయ్యేటప్పుడు, పనికిరాదని పక్కన పడేసిన డేరాల వేలంలో ఈ గుడ్డను పాడుకుని తెచ్చుకున్నాడు. అందరూ పనిమంతుల్లా పళ్లెమో కుర్చీయో తెచ్చుకుంటే ఈయన ఇది మోసుకొచ్చాడని మామ్మ చాలాకాలం ఊళ్లో చెప్పుకుంది. "మొగుడు డేరా వొగ్గీసి ఇంటికొస్తాడనుకున్నాను. డేరాయే ఇంటికొచ్చీసినాది" అనేది.

వచ్చింది, మా క్వార్టరు పెరడంతా ఆక్రమించింది. ఒక గది, ఒక వరండా, మిగిలినదంతా గుడ్డ. వానాకాలం నాలుగు నెలలూ వెదురు గుంజల మీద అది నిలబడి ఉండేది. దాని కింద మామ్మ పొయ్యి, ఆరీ ఆరని బట్టలు, అరటి గెల, మా పుస్తకాలు, ఎవరిదో తెలియని ఒక పిల్లి. బొగ్గు పొగా, ఎండుచేపల కూరా, తడి నూలు వాసనా కలిసి ఒక వాసన తయారయ్యేది. ఆ వాసన నా జుట్టులో ఉండేదని బళ్లో పక్క బెంచీ పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. ఇప్పుడు ఎక్కడైనా తడి గోనెసంచి కనబడితే నేను వంగి వాసన చూస్తాను. మా అత్తను ఎగతాళి చేయడానికి నాకేం హక్కు ఉంది?

ఆ గుడ్డ కింద ఉండడానికి ఒకే ఒక్క చట్టం. లోపల నుంచి గుడ్డను ముట్టుకోకూడదు. వాన పడుతున్నంతసేపు వేలు గానీ, తల గానీ, గరిటె కాడ గానీ దానికి తగలకూడదు. తాత ఈ ఒక్క ముక్కనూ ఊళ్లో ఉన్న భాషలన్నిటిలో నేర్చుకున్నాడు. మాకు "ముట్టకండి", పక్కింటి బెంగాలీవాళ్లకు "హాత్ దేబేన్ నా", స్టేషను నుంచి వచ్చే పోర్టర్లకు "ఛూనా మనా హై". ఆ భాషల్లో ఆయనకు ఇంకేమీ రాకపోయినా గౌరవంగానే బతికాడు. ఎందుకు ముట్టుకోకూడదని నేనడిగితే పొయ్యి పక్కన గొంతుక్కూర్చుని చెప్పాడు. "సూడు గుంటా, ఈ గుడ్డకి నూలుకీ నూలుకీ నడుమ కన్నాలే. మరి నీళ్లెందుకు కారవు? సుక్కలన్నీ ఒకదాని సెయ్యి ఒకటి పట్టుకోనుంతాయి. కన్నం మీద అలగే ఆగిపోతాయి. నువ్వెల్లి కింద నుంచి ఏలెట్టినావనుకో, ఓలమ్మ దారి దొరికినాదిరోయ్ అని ఆ ఏలు ఎంబడి దిగిపోతాయి. ఓపాలి దిగినాక ఇంక నీ మాట ఇనవు." చాలా ఏళ్ల తరువాత మా రైల్వే బడిలో మాస్టారు తలతన్యత అనే పాఠం మొదలుపెట్టి, గ్లాసు నీళ్ల మీద సూదిని తేలించి చూపించారు. క్లాసంతా నోరెళ్లబెట్టింది. నేను చెయ్యెత్తి, "అది మా తాతది సార్" అన్నాను. మాస్టారు నన్ను కూర్చోమన్నారు.

చట్టం ఉన్నచోట శిక్ష ఉండాలి కదా. ఎక్కడైనా టపటపమని మొదలైతే తాత చుట్ట పక్కన పెట్టి, గుంజకు ఆనించిన కర్ర తీసుకుని, "ఈ సుక్క ఎవులిది?" అని అడిగేవాడు. ముట్టుకున్నవాళ్లు ఒప్పుకోవాలి. ఒప్పుకుని, తమ చుక్క కింద తామే కూర్చోవాలి. వాన వెలిసేదాకా. కొట్టడం, తిట్టడం ఏమీ లేవు. నెత్తి మీద ఒక్కొక్క చుక్కే పడుతుంటుంది, మిగతా పిల్లలు చుట్టూ చేరి లెక్కపెడుతుంటారు. నేను ఎన్నిసార్లు కూర్చున్నానో చెప్పను. గుడ్డ నీళ్లతో బిగిసి, వెలుతురుకు బెల్లం రంగులో మెరుస్తూ తల మీద అంత దగ్గరగా ఉంటే ముట్టుకోకుండా ఉండటం మనిషికి సాధ్యమా? మా నాన్న కూర్చున్నాడు. మామ్మ కూడా ఓసారి అప్పడాల కర్ర తగిలించి కూర్చుంది, కూర్చునే అప్పడాలు ఒత్తింది. ఆ ఇంట్లో ఎప్పుడూ చుక్క కింద కూర్చోని మనిషి ఒక్కతే, రత్తం అత్త. చిన్నప్పుడు తాతతో సర్వే డేరాల్లో తిరిగిన పిల్ల. గుడ్డ కింద నడిచేటప్పుడు ఆమె మెడ దానంతటదే కొంచెం వంగేది. పెళ్లీడు దాటిపోతున్నా ఆ వంపు పోలేదు. చూడ్డానికొచ్చిన వాళ్లు అది వినయం అనుకునేవాళ్లు. పాపం వాళ్లకేం తెలుసు.

వినయం సంగతి అలా ఉంచి, అత్తకు ఇంకో అలవాటు ఉండేది. పచ్చి బియ్యం బుక్కడం. చేటలో బియ్యం ఏరుతూ ఏరినవాటిలో సగం నోట్లో వేసుకునేది. "మెక్కు, మెక్కు. నీ పెళ్లిలో వాన కుండపోతగా కురుస్తాది, అప్పుడు ఏడుద్దువుగాని" అని మామ్మ రోజూ దీవించేది. బియ్యం తిన్న పిల్ల పెళ్లిలో వాన పడుతుందని మా అందరికీ తెలుసు. అత్తకూ తెలుసు. "పడనీ. మనకి గుడ్డ ఉంది కదా" అనేది నములుతూనే. తీరా ఆ పెళ్లే కుదరకుండా పోయింది. రెండు సంబంధాలు ఖాయమయ్యేదాకా వచ్చి, "కొన్నాళ్లు ఆగి చూద్దాం" అన్న మాటతో ఆగిపోయాయి. ఆగి చూద్దాం అన్నవాళ్లు మళ్లీ మా వీధి మొహం చూడలేదు. అత్త కొన్నాళ్లు బియ్యం ఏరడానికి కూర్చోలేదు.

అప్పుడు సత్యం మావయ్య సంబంధం వచ్చింది. ఖుర్దా రోడ్డులో గార్డు ఉద్యోగం. తల్లీ తండ్రీ లేరు, టెక్కలి దగ్గర నాయనమ్మ పైడమ్మ పెంచింది. పెళ్లిచూపుల్లో అంతకుముందు వచ్చినవాళ్లంతా అత్తను పాడమన్నారు, నడవమన్నారు, పేరు రాయమన్నారు. ఈయన మాత్రం పకోడీలు తింటూ కూర్చున్నాడు. ఏదైనా అడగరా అని నాయనమ్మ పొడిస్తే, "ఆవిడకే మనల్ని ఏటైనా అడగాలనుంటే అడగమను" అన్నాడు. ఆ ఒక్క మాటకే మా అత్త పడిపోయింది. ఆ మర్నాడు చేట ముందేసుకుని కూర్చుని బియ్యం బుక్కుతుంటే, మామ్మ తిట్టలేదు. కళ్లు తుడుచుకుంది.

తాంబూలాల నాడు పైడమ్మ ఒక మాట అంది. ఆవిడ గయ్యాళి కాదు, ముందే చెబుతున్నాను. "నా పెద్దకూతురు పెళ్లిలో తాళి కట్టకముందే పిల్ల నెత్తి మీద వాన పడినాది. ఏడాది తిరక్కుండా పిల్ల బోసిమెడతోటి ఇంటికొచ్చీసినాది. నానింకోపాలి అది సూడనేను. ఈడికి సెలవు శ్రావణంలోనే ఇచ్చినారు, వాన రోజులు. తాళి కట్టకముందు పిల్ల నెత్తి మీద సుక్క పడితే మేం లేసిపోతాం. ఏటనుకోకండి. మాఘంలో మల్లీ సూసుకుందాం." మల్లీ సూసుకుందాం అన్న మాట వినగానే తలుపు వెనక అత్త చెయ్యి నా భుజం మీద బిగిసింది. ఆ మాట అర్థం మా ఇంట్లో అందరికీ తెలుసు. మా నాన్న, ఇందా బజారులో ఉన్న డెకరేటరుతో మాట్లాడి రేకుల పందిరి వేయిద్దామన్నాడు. తాత లేచి నిలబడ్డాడు. "రేకులా? నా కూతురికా? ఇంజినీరు దొరల కాగితాలు తడవకుండా కాసినాను. నా గుడ్డ కింద నా కూతురి నెత్తి మీద సుక్క పడితే నా పేరు సింహాసెలం కాదు" అన్నాడు. ఇంకేం, రేకుల మాట అక్కడితో సరి. పొడుగు మాటలు మాట్లాడేటప్పుడు ఆయన ఎదుటివాళ్ల పొడుగు కూడా కాస్త చూసుకోవాల్సింది.

పెళ్లికి వారం ముందు మామ్మ చేసిన ఘనకార్యం ఒకటుంది. ఆ గుడ్డ కాలనీలో ఎవరింట ఏం జరిగినా వెళ్లేది. బారసాలకీ వెళ్లేది, దినాలకీ వెళ్లేది. పదిమంది పదో రోజు భోజనాలు తిన్న గుడ్డ కింద పిల్లను కూర్చోబెడతానా అని, తాత బజారుకు వెళ్లిన సమయం చూసి, మామ్మ సబ్బు తరిగి బకెట్లో కలిపి ఉతకడం మొదలుపెట్టింది. తాత సంచులతో గుమ్మంలోకి వచ్చి ఆ నురగ చూసి కేక పెట్టాడు. "ఒసే, సబ్బెట్టీసినావా! సబ్బు తగిల్తే సుక్కలు సేతులొగ్గీస్తాయే! జల్లెడైపోద్ది!" అదృష్టం, ఒక మూలే తడిసింది. ఆ మూలను ఎన్ని బిందెలతో జాడించారో లెక్కలేదు. మర్నాడు పటిక నీళ్లు పెట్టి, ఎండలో ఆరవేసి, మైనం రుద్దారు. అయినా తాతకు నమ్మకం కుదరక, ఆ మూలను వంటవాళ్ల వైపు తిప్పి కట్టాడు. వంటవాళ్ల పప్పులో ఉప్పు తక్కువైందంటే అది వాళ్ల తప్పు కాదు.

పెళ్లినాడు తెల్లవారుజాము నుంచే వాన. మామూలు వాన కాదు, బెంగాల్ శ్రావణం వాన. పెళ్లివారు స్టేషను నుంచి గొడుగుల కింద వచ్చారు. పెళ్లికొడుకు వరండాలోకి రావడానికి తలవంచాడు. గుమ్మం దాటాక తలెత్తాడు. ఎత్తుతూనే ఉన్నాడు. పెళ్లిచూపుల్లో ఆయన కూర్చునే ఉన్నాడు, వెళ్లేటప్పుడు తాత పైడమ్మ చెప్పులు వెతుకుతూ బల్ల కింద ఉన్నాడు. ఆరడుగుల మనిషి, దాని మీద పెళ్లి పాగా, పాగా మీద కుచ్చు. మా వంశంలో అటక మీది డబ్బా అందుకోవడానికి అందరికీ పీట కావాలి. ఆ కొలతతోనే తాత గుడ్డ కట్టాడు. తూర్పుముఖం కుదరడానికి పెళ్లిపీటలను నడిమి దూలం కింద కాక పక్క వాలు కింద వేశారు. నేల చెమ్మని మామ్మ వాటి కింద ఇటుకలు పేర్చింది. తాత పెళ్లికొడుకు పాగా కుచ్చు వంక చూశాడు, గుడ్డ వంక చూశాడు, కూర్చున్నాడు. వానలో తడిసిన తాళ్లు బిగిసిపోయి ఉన్నాయి, ఇప్పుడు గుంజలు కదపడం కుదరదు.

జీలకర్రా బెల్లం అయింది. తాళి దగ్గరపడింది. తాత మెల్లగా పంతులుగారి వెనక చేరాడు. "పంతులుగారూ, పెళ్లికొడుకు కూకోని కట్టొచ్చా?" పంతులుగారు మంత్రం ఆపకుండానే కళ్లెర్రజేశారు. "పోనీ పాగా తీసీమంటే?" ఈసారి మంత్రం ఆగింది. "ఏమయ్యా సింహాచలం, తాళి కట్టిస్తున్నానా, క్షౌరం చేయిస్తున్నానా?" అన్నారాయన. తాత పెళ్లికొడుకు చెవి దగ్గరకు వెళ్లి, "బాబూ, ఒంగి లెగండి. పైన ముట్టకండి" అన్నాడు. అప్పుడే పంతులుగారు చెయ్యెత్తడం, గట్టిమేళం అందుకోవడం జరిగాయి. సన్నాయికీ డోలుకీ మధ్య తాత మాట ఎక్కడ పడిందో మరి. పెళ్లికొడుకు మర్యాదగా నవ్వి, తలూపి, అత్త పీటకు ఆనుకుని నిటారుగా లేచి నిలబడ్డాడు.

కుచ్చు గుడ్డకు తగిలింది. తగిలినచోట రూపాయంత నల్లటి మచ్చ పడింది. మచ్చ మధ్యలో ఒక చుక్క పుట్టింది. సరిగ్గా మా అత్త పాపట మీద. ఆయన తాళి పట్టుకుని ముందుకు వంగేసరికి చుక్క గుడ్డను పట్టుకుని వేలాడుతూ, పొట్ట పెంచుకుంటూ ఉంది. పిల్లలమంతా దాన్నే చూస్తున్నాం. అది చూడనివాళ్లు ఆ పందిట్లో ఇద్దరే, పెళ్లికొడుకూ మా అత్తా. కానీ మా అందరి మొహాలూ పైకి లేచి ఉండటం చూసి ఆమెకు తెలిసిపోయింది. కళ్లు మూసుకుంది. పైడమ్మ "ఆపండి!" అని అరిచింది. డోలు ఆగింది. పెళ్లికొడుకు తలెత్తి చూశాడు. అంతే, తాళి ఒక చేత్తో పట్టుకుని, రెండో అరచెయ్యి అత్త తల మీద గొడుగులా పట్టాడు. చుక్క ఆయన అరచేతిలో పడింది.

"పడినాదా?" అంది పైడమ్మ.

"నా సేతిలో పడినాది నాయనమ్మా. పిల్ల మీద పడనేదు."

"ఇంకోటొస్తంది కదరా! అదెవుడు పడతాడు?"

"నేనే పడతాను."

"మరి తాళెవుడు కడతాడు?"

ఒక చెయ్యి అత్త తల మీద ఉంచితే మూడు ముళ్లు పడవు. ముళ్లు వేయడానికి చెయ్యి తీస్తే చుక్క పడుతుంది. రెండో చుక్క పడింది అరచేతిలో, మూడోది తయారవుతోంది. తాత గుంజను పట్టుకుని నిలబడిపోయాడు. ఆయనను అలా నేను ముందూ చూడలేదు, తరువాతా చూడలేదు. మా పిల్లమూక మాత్రం ఊరుకుంటుందా? "ముట్టినోడే కూకోవాల! సుక్క కింద కూకోవాల!" అని గోల మొదలుపెట్టాం. మామ్మ ఎవరి చెంపనో పగలగొట్టింది. నాదే అనుకుంటాను. ఆ గోలలో పెళ్లికూతురు మాట్లాడింది. తలెత్తకుండానే, కానీ పందిరంతా వినపడేలా.

"సెయ్యి తియ్యకండి. రెండో సేత్తో తాళి పళ్లెంలో ఎట్టీయండి. ఎట్టీసి, సుక్క కాడ ఏలు పెట్టండి. గుడ్డ మీద గీసుకుంట అంచు దాకా ఎల్లండి. నడుమలో ఏలెత్తకండి. నీళ్లు ఏలు ఎంబడే వస్తాయి."

సర్వే డేరాల్లో గుడ్డ కారితే తాత చేసే పని అది. మాకెవరికీ నేర్పలేదు, నేర్పితే ఇక ఎవరూ చుక్క కింద కూర్చోరని. పెళ్లికొడుకు చెప్పినట్టే వేలు పెట్టాడు. పెట్టి, పాపం, ఎగువ వైపుకు గీయబోయాడు. "అటు కాదు, దిగువకి!" అంటూ అత్త చటుక్కున లేచి, తన తల మీదున్న ఆయన చెయ్యి మణికట్టు పట్టుకుని లాక్కెళ్లింది. బాసికంతో, మెళ్లో దండతో, తలలో జీలకర్రా బెల్లంతో ముందు ఆమె. వెనక ఆకాశానికి వేలు చూపిస్తూ ఆరడుగుల మనిషి. పన్నీరు బుడ్డి దాటారు, సన్నాయివాళ్లను దాటారు, పక్కింటి బౌది, అంటే బెంగాలీ వదినగారి కుర్చీని దాటారు. ఆవిడ కాళ్లు పైకి ముడుచుకుని మామ్మను అడిగింది, "ఎ కీ నియొమ్ దీదీ? ఆమాదేర్ తో నేయ్!" ఇదేం ఆచారం, మాకు లేదే అని. మామ్మ ముచ్చెమటలు పోస్తున్నా తడుముకోలేదు. "ఆఛే ఆఛే, బహుత్ పురానా నియమ్" అంది, ఉంది ఉంది, చాలా పాత ఆచారమని. వాళ్ల వెనకే, గుడ్డ అడుగున తడిగీత మెరుస్తూ వెళ్లి, అంచు దగ్గర బొటబొటా బయట గాడిలో కారడం మొదలుపెట్టింది.

ఇద్దరూ తిరిగి వచ్చేసరికి పైడమ్మ పీట దగ్గర నిలబడి ఉంది. అత్త కూర్చున్నచోట తన అరచెయ్యి చాపి, పైకి చూస్తూ ఎదురుచూసింది. చుక్క పడలేదు. మచ్చ దగ్గర నీళ్లు చేరుతున్నాయి, గీత వెంట జారి పోతున్నాయి. ఆవిడ అరచేతిని చీరకు తుడుచుకుంది, తడి లేకపోయినా. "కట్టరా బేగి" అంది మనవడితో, "ఆ పిల్ల మల్లీ లెగిసి ఎటైనా లాక్కెల్లిపోగలదు." మేళం మొదలైంది. ఆయన ఈసారి మోకాళ్ల మీద వంగి కట్టాడు. పంతులుగారు పాణిగ్రహణం మంత్రం వచ్చేసరికి మా అత్త వంక ఓసారి చూసి, "ఇది అయిపోయిందనుకుంటా" అని సణుగుతూనే చదివారు. తాత వంటశాల వెనక సబ్బు మూల కింద నిలబడి ఏడ్చాడు. నేను వెళ్లి చూస్తే, "పైన కారతంది" అన్నాడు. నిజంగానే కారుతోంది కూడా. ఆ తరువాత ఎవరు ఆ పెళ్లి మాట ఎత్తినా ఆయనది ఒకటే మాట. "నా గుడ్డ కారనేదు. గుడ్డని ముట్టినారు."

పెళ్లికి ముందే మొగుడి చెయ్యి పట్టుకుని ఊరేగించిన పెళ్లాం అని అత్తను మేం చచ్చేదాకా ఏడిపించాం. ఎవరు చచ్చేదాకా అని అడక్కండి, ఒక్కొక్కళ్లే వెళ్లిపోయారు. మావయ్యకు మాత్రం అది అలవాటైపోయింది. వాన తుంపర పడితే చాలు, చేతిలో గొడుగు ఉన్నా సరే, ముందు అరచెయ్యి అత్త నెత్తి మీదకు వెళ్లేది. ప్లాట్‌ఫారం మీద, బజారులో, ఆసుపత్రి మెట్ల మీద. "ఈ సేతికి తాళి కట్టడం కంటే ఇదే బాగా వచ్చు" అనేవాడు. నలుగురిలో సిగ్గు లేదేటి అని అత్త విసుక్కునేది. ఆ చెయ్యి కిందికి రావడానికి వీలుగా మెడ కొంచెం వంచేది. పోయిన కార్తీకంలో ఆయన పోయాడు.

ఇప్పుడు మా తాల్‌బగీచాలో పెళ్లిళ్లన్నీ హాళ్లలో. హాలు దొరకకపోతే నీలం ప్లాస్టిక్ పట్టా. దాన్ని ఎంత ముట్టుకున్నా కారదు. గుద్దినా కారదు. దాని కింద కర్ర పట్టుకుని కూర్చునే ముసలాయన అక్కర్లేదు, మూడు భాషలు అక్కర్లేదు. చుక్క ఎవరిదని అడిగేవాళ్లు లేరు. సుఖంగానే ఉంది, కాదనను. నాకూ మా వరండాకు అదే ఉంది, ప్లాస్టిక్కే. కానీ దాని కింద నేను పక్కమనిషి వంక చూడ్డం మానేసి ఫోను చూసుకుంటున్నాను.

ఈసారి వచ్చిన మర్నాడు పొద్దున్న అత్త టీ గ్లాసు కింద పెట్టి, "గుడ్డ కడదాం పట్టు" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. మేడ మీద నీళ్ల ట్యాంకుకీ బట్టల తీగ స్తంభాలకీ ఇద్దరు ముసలమ్మలం కలిసి డేరా కట్టడం ఎలా ఉంటుందో మీరు ఊహించుకోండి. ముడి నేను వేస్తే ఆమె విప్పింది, ఆమె వేస్తే దానంతటదే విడిపోయింది. ఎదురింటి మేడ మీద బట్టలు తీస్తున్న దీదీ ఏమైందని అడిగితే, అత్త "పూజా" అంది. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది, భోజనం వేళకు కురిసింది. మేం స్టూళ్లు వేసుకుని కింద కూర్చున్నాం. గుడ్డ బిగిసింది, బెల్లం రంగు తిరిగింది, ఆ పాత వాసన లేచింది. ఇన్నేళ్లయినా ఒక్క చుక్క కారలేదు. "తాత చూస్తే మీసం మెలేసును" అన్నాను.

అత్త లేచి స్టూలు ఎక్కబోయింది. "అత్తా, కాలు విరుగుద్ది, దిగు" అని పట్టుకున్నాను. "వొగ్గు. ఆరడుగుల మనిషి ఎల్లిపోనాడు కదా, స్టూలు ఎక్కక ఏటి సెయ్యను" అంది. నా భుజం ఊతంగా నిలబడి, ఎప్పుడూ వంగి ఉండే ఆ మెడను చాచి, చూపుడువేలితో గుడ్డను ముట్టుకుంది. జీవితంలో మొదటిసారి. ఎనభై ఏళ్లకు. మచ్చ పడింది. దిగి, స్టూలును దాని కిందకు జరుపుకుని, తల మీది కొంగు తీసి, పాపట పైకి పెట్టి కూర్చుంది.

చుక్క పుట్టి, వేలాడి, పొట్ట పెంచుకుంది. నాకు తెలియకుండానే నా అరచెయ్యి ఆమె తల మీదకు వెళ్లింది. ఆమె దాన్ని మెల్లగా పక్కకు నెట్టేసింది.

"వొద్దే. ఆయనున్నన్నాళ్లూ నా నెత్తి మీద ఒక్క సుక్క పడనీనేదు. ఎలగుంతాదో సూడాల కదా."

పడింది. ఆమె కళ్లు మూసుకుంది. ఇంకోటి పడింది. ఏడుస్తోందో, అది వాననీరో నేను చూడలేదు, నా కళ్లే నిండిపోయి ఉన్నాయి. గీత గీస్తే ఆగుతుందని ఇద్దరికీ తెలుసు. నేనే తాతలా అడిగాను.

"ఈ సుక్క ఎవులిది?"

"నాదే" అంది అత్త. "వాన ఎలిసేదాకా లెగను."